చించిల్లాకు బాదం పెట్టుడు ముద్దు కాదు, జులుం!

నమస్తే నల్లగొండ, నమస్తే పాలమూరు! ఆ రీల్ మీ ఫోన్ల దాక వచ్చే ఉంటది. చించిల్లా (ఎలుక, ఉడుతల జాతిది, మెత్తటి బొచ్చున్న పెంపుడు జీవం) రెండు చేతులతోటి బాదం పట్టుకొని కొరుకుతాంది, పక్కకు కిస్మిస్ గిన్నె, మీదికెళ్లి బత్తాయి తొన. కింద కామెంట్లల్ల "సో క్యూట్", "రాజభోగం అన్నా". రాజభోగమా? ఇయ్యాల నా నోట్లకెళ్లి మంచి మాట రాదు, ముందే చెప్తున్న.

లెక్క చేద్దాం పా. పెద్ద చించిల్లా తూకం అటూ ఇటూ అర్ధకిలో. నువ్వు 60 కిలోలు. 120 రెట్లు! దానికి ఒక్క బాదం పెడితే నీ నోట్ల 120 బాదాలు కుక్కినట్టు. రీల్ల మూడు తినిపిచ్చిండు. అంటే 360. తిను తమ్మీ కెమెరా ముందట, నేను లైక్ కొడ్త.

అది గడ్డి తినే కడుపు. పేగులల్ల పెద్ద సంచి ఒకటి ఉంటది, అండ్ల సూక్ష్మజీవులు పీచును పులియబెడ్తయ్. అండ్లకు చక్కెర, నూనె పోయినయా, గ్యాస్ పట్టి కడుపు ఉబ్బుతది. కక్కుదామంటే దానికి వాంతి రాదు. రాదు అంటే రానే రాదు! తిండి మానేసినా, పెంటికలు ఆగినా రేపు చూద్దామనొద్దు, అదే రోజు డాక్టర్ దగ్గరికి ఉరకాలె.

ఇగ పళ్లు. బతికినంత కాలం పెరుగుతనే ఉంటయ్, ముందటివే కాదు, దవడ పళ్లు గూడ. గడ్డిని అటు ఇటు నూరితెనే అరుగుతయ్. బాదం రెండు కొరుకులల్ల ఖతం, నూరేదేముంది? పళ్లకు మొనలు తేలి నాలుకకు, బుగ్గలకు గుచ్చుకుంటయ్, నోట్లకెళ్లి సొల్లు కారుతది. ఆ రీల్ ఆపి జూమ్ చేసి చూడున్రి: గదుమ కింద బొచ్చు తడిసి పాయలు పాయలైంది. మూతి తుడుసుకున్న ముందరి కాళ్లు గూడ తడే. ఒక్కరన్న చూసిన్రా? లేదు, అందరు పాటనే విన్నరు.

"అన్నా, మన ఎండలకు సస్తది గాని బాదంకు సస్తదా" అని ఒకాయన కామెంట్. ఎండ డేంజరే, 25 డిగ్రీలు దాటితెనే దానికి కష్టం, మన దిక్కు మే నెలల 44, 45. అందుకే ఏసీ పెట్టిన్రు, శభాష్. ఏసీల కూసోబెట్టి కిస్మిస్ మేపితే ఏం ఫాయిద?

నా థియరీ ఒకటుంది, కోపమొచ్చినా వినున్రి. గడ్డి ఏసుడు మనకు నామోషీ. వేలకు వేలు పోసి కొని, చుట్టాల ముందట గడ్డి ఏస్తే ఇజ్జత్ పోతదని! "అన్నం తింటున్నవా, గడ్డి తింటున్నవా" అని తిట్టించుకుంట పెరిగినోళ్లం గదా. అరే, దాని పుట్టుకనే ఆండీస్ కొండలు. చలి తీసేస్తే మన దేవరకొండ గుట్టల లెక్కనే, రాళ్లు, ఎండు గడ్డి, ముండ్ల పొదలు. 1923ల చాప్‌మన్ అనే మైనింగ్ ఇంజనీర్ చిలీకెళ్లి 11 చించిల్లాలను అమెరికాకు తెచ్చిండు. ఇయ్యాల ఇండ్లల్ల పెరిగేటివి శానా మటుకు వాటి సంతానమే. ఆ పదకొండు జీవాలు బాదం పప్పు తిని వంశం పెంచినయా?

దానికి పొద్దుమాపు ముందట ఎండు గడ్డి ఉండాలె. టిమోతి గడ్డి (విదేశీ రకం మేత గడ్డి) దొరికితే మంచిదే. లేకుంటే మన గరికనే, మందు కొట్టని జాగల కోసి మంచిగ ఎండబెట్టు, బూజు వాసనొస్తే పారెయ్. వరిగడ్డి పెట్టొచ్చా అని మిర్యాలగూడకెళ్లి ఒక అక్క అడిగింది. వడ్లు పోయినంక మిగిలిన కాడ అక్కా అది, దాంట్ల పసలేదు, దాని మీదనే బతకదు. లూసర్న్ కాల్షియం ఎక్కువున్న మేత, పిల్లలకు, సూడిదానికి ఓకే, పెద్దదానికి రోజూ వద్దు. పెల్లెట్లు (గడ్డి పొడి ఒత్తి చేసిన గోలీల మేత) రోజుకు ఒకటి రెండు చెంచాలు, రంగు రంగుల ముక్కలు కలిపినయి వద్దు, తియ్యగున్నయే ఏరుకొని తింటది. పాలమూరు పల్లీలు? మన దోస్తులకు పెట్టు, దానికి కాదు. వారానికోసారి వంటింటి తరాజు మీద తూకం చూడు, తగ్గిందంటే పళ్లు చూపియ్యాలె.

రీల్ పెట్టిన అన్నా, నీ మీద పగ లేదు, గిన్నె తీసెయ్, గడ్డి ఏసి ఇంకో రీల్ పెట్టు, నేనే షేర్ చేస్త. ఇగ కామెంట్లల్ల "ఒక్కటే గదన్నా పెట్టింది" అనేటోళ్లను మాత్రం బ్లాక్ చేస్త. 120, యాద్ పెట్టుకోన్రి!