జాడీ మీద రెండు పేర్లు

అందరికీ నమస్కారం. "నేను తప్ప వేరొక దేవుడు నీకు ఉండకూడదు" అని బైబిల్లో యెహోవా దేవుడు ఇశ్రాయేలీయులకి ఇచ్చిన ఆజ్ఞ చర్చి గడప తొక్కనివాళ్లు కూడా వినే ఉంటారు. వేరే దేవుళ్లు లేరని అందులో ఎక్కడా లేదు, నీకు ఉండకూడదనే ఉంది. ఎవరూ సిగరెట్ ముట్టని ఇంట్లో "పొగ తాగరాదు" అని బోర్డు పెట్టరు కదా! అంటే ఆ రోజుల్లో ఇశ్రాయేలీయులు యెహోవాతో పాటు వేరే దేవుళ్లనీ కొలిచేవాళ్లన్నమాట.

1975-76లో సినాయి ఎడారిలో, కుంటిల్లెట్ అజ్రూద్ అనే చోట తవ్వితే పెద్ద పెద్ద మట్టి జాడీలు బయటపడ్డాయి, సుమారు క్రీ.పూ. 800 నాటివి. వాటిలో ఒకదాని మీద, దూడకి పాలిస్తున్న ఆవు బొమ్మా ఇంకేవో బొమ్మలూ గీసిన జాడీ మీదే, షోమ్రోను (ఇశ్రాయేలు రాజ్యపు రాజధాని) యెహోవా పేరునా ఆయన అషేరా పేరునా నిన్ను దీవిస్తున్నానని సిరాతో రాసి ఉంది. అషేరా అంటే ఆయన పక్కన దేవతా, లేక పూజకి పాతిన కొయ్యా అని పండితులు ఇప్పటికీ వాదించుకుంటూనే ఉన్నారు, మన తెలుగు బైబిలేమో చాలాచోట్ల "దేవతాస్తంభము" అని రాసి ఊరుకుంది. కొయ్యే అనుకుందాం, మరి దాని పేరు చెప్పి దీవించడమేంటి? నాకైతే దేవతే అనిపిస్తుంది. క్రీ.పూ. 622 ప్రాంతంలో యూదా రాజు యోషీయా యెరూషలేము మందిరంలోంచి అషేరా ప్రతిమను బయటికి తెప్పించి కాల్పించాడని బైబిలే చెబుతోంది, అంటే అంతవరకూ ఆవిడ యెహోవా గుడిలోనే ఉందన్నమాట.

నాకు బాగా ఇష్టమైన సాక్ష్యం యిర్మీయా గ్రంథం. పిల్లలు పుల్లలు ఏరుకొస్తే తండ్రులు మంట పెడతారు, ఆడవాళ్లు ఆకాశరాణి అనే దేవతకి రొట్టెల కోసం పిండి పిసుకుతారు, ఇంటిల్లిపాదీ చేసే పండగ అది. క్రీ.పూ. 586లో యెరూషలేము కూలిపోయాక, ఐగుప్తులో (ఈజిప్టులో) తలదాచుకున్నవాళ్లని యిర్మీయా ప్రవక్త దీనికే తిడితే వాళ్లు ఎదురు తిరిగారు: ఆవిడకి ధూపం వేసినన్నాళ్లూ కడుపునిండా తిన్నాం, మానేసిన దగ్గర్నుంచే మాకీ కరువూ కత్తీ అని. అదే ఓటమి నుంచి ప్రవక్త ఒక పాఠం తీస్తే, వాళ్లు సరిగ్గా దానికి రివర్స్ తీశారు.

"నేను తప్ప ఏ దేవుడును లేడు" అని తెగేసి చెప్పే మాట యెషయా గ్రంథం రెండో సగంలో, యూదులు బబులోనులో బందీలుగా ఉన్న నాటి అధ్యాయాల్లో గట్టిగా వినబడుతుంది. అయినా అందరూ ఒక్కసారే మారిపోలేదు. ఆ తర్వాత వందేళ్లు దాటాక, నైలు నదిలోని ఎలిఫాంటైన్ దీవిలో కాపురమున్న యూదు సైనికులు తలా రెండు షెకెళ్ల వెండి చందా వేసుకున్నారు. ఆ చందా లెక్క రాసిన పపైరస్ మొదట్లో డబ్బంతా యాహో దేవుడికే అని ఉంది, యెహోవాని వాళ్లు అలా పిలిచేవాళ్లు. చివర్లో లెక్క తేల్చేసరికి యాహోకి 12 కర్షలు (కర్ష అంటే పది షెకెళ్లు) 6 షెకెళ్లు, ఎషెమ్-బేతేలు అనే ఇంకో దేవుడికి 7 కర్షలు, అనాత్-బేతేలు దేవికి 12 కర్షలు!