ఆది జాకెట్టు ఎక్కడ?

శ్రోతలకు నమస్కారం.

మన విశాఖపట్నంలో ఎండాకాలం బట్టలు కొనేటప్పుడు నేను రంగు కన్నా ముందు గుడ్డ ఏమిటో చూస్తాను. ఇక్కడ ఎండ కన్నా ఉక్కపోతే ఎక్కువ బాధపెడుతుంది. గాలిలోనే తడి ఉంటుంది కాబట్టి చెమట ఓ పట్టాన ఆరదు. నూలు గుడ్డ తన బరువులో దాదాపు 8 శాతం తేమను పీల్చి పట్టుకుంటుంది. పాలిస్టర్ అర శాతం కూడా పట్టుకోలేదు. షాపులో ఏసీ కింద నిగనిగలాడిన పాలిస్టర్ జార్జెట్ చీర, ఎవరింట్లోనో గృహప్రవేశం భోజనాల వేళకి వీపుకి అంటుకుపోయేది అందుకే. అలాగని నూలు చీరకి తిప్పలు లేవా అంటే, ఉన్నాయి. పొద్దున్న గంజి పెట్టి ఇస్త్రీ చేసి కట్టింది, బీచ్ రోడ్డు గాలికి మధ్యాహ్నానికల్లా మెత్తబడిపోతుంది. మెత్తబడితే మెత్తబడనీ, ఒంటికి గాలి ఆడుతుంది కదా అంటాను నేను.

సొంత స్టయిల్ అంటే ఏమిటో చూడాలనుకుంటే తెల్లారేసరికి ఫిషింగ్ హార్బర్‌కి వెళ్ళి రండి. బోట్లు ఒడ్డుకొచ్చే వేళకి అక్కడ బేరాలు చేసే ఆడవాళ్ళని గమనించండి. చీర తడవకుండా కుచ్చిళ్ళు పైకెత్తి దోపుకుంటారు. గంప ఎత్తడానికి రెండు చేతులూ ఖాళీగా ఉండాలి, అందుకని కొంగు నడుం చుట్టూ బిగించి చెక్కుతారు. డబ్బుల సంచి రొంటిన ఉంటుంది. ఆ కట్టులో అనవసరమైన మడత ఒక్కటి కనబడదు. ఇక రంగులంటారా, ఆకుపచ్చ చీర మీద గులాబీ జాకెట్టు! మ్యాచింగ్ అన్న బెంగే ఉండదు. ఆ ధీమా చూస్తే నాకు భలే ముచ్చటేస్తుంది.

పేరుమోసిన డిజైన్లు కొన్ని పుట్టింది కూడా ఇలాంటి చోట్లే. ఇప్పుడు కాలేజీ పిల్లలు వేసుకునే తెలుపూ నీలం అడ్డచారల టీషర్టు ఉంది చూశారూ, దాన్ని 1858లో ఫ్రెంచి నౌకాదళం తన నావికుల యూనిఫాంలో చేర్చింది. కోకో షనెల్ అనే ఫ్రెంచి డిజైనరు 1913లో ఫ్రాన్స్‌లోనే డోవిల్ అనే సముద్రతీరపు ఊళ్ళో దుకాణం తెరిచింది. అప్పట్లో మగవాళ్ళ లోదుస్తులకు వాడే జెర్సీ అనే సాగే అల్లిక గుడ్డతో ఆడవాళ్ళకి వదులుగా, తేలిగ్గా ఉండే బట్టలు తయారుచేసింది. కార్సెట్లతో నడుం బిగించుకుని ఊపిరాడక అవస్థపడే రోజులవి. హాయిగా నడవాలి, కూర్చోవాలి అన్న అవసరంలోంచే ఆ అందం వచ్చింది.

మనం మాత్రం అందం ముందు తెచ్చుకుని, అవసరాన్ని తర్వాత వెతుక్కుంటాం. డాబా గార్డెన్స్‌లోనో గాజువాకలోనో ఏ టైలరు దగ్గరైనా కాసేపు కూర్చోండి, తెలుస్తుంది.

"ఆది జాకెట్టు తెచ్చారా అమ్మా?"

"లేదు మాస్టారూ. ఇదుగో ఫోటో, అచ్చం ఇలాగే కావాలి."

ఫోన్లో ఉన్నది ఎవరో హీరోయిన్. మాస్టారు ఫోటో పెద్దది చేసి చూస్తారు, మెడలోంచి టేపు తీస్తారు, ఏమీ అనరు. ఫోటో షూట్లలో వదులుగా ఉన్న జాకెట్టుని వెనకనుంచి క్లిప్పులతో బిగించడం మామూలే. పైగా ఆ అమ్మాయి అది వేసుకుని, ఆర్టీసీ బస్సులో పైన రాడ్డు పట్టుకుని మద్దిలపాలెం దాకా నిలబడక్కర్లేదు. వెనక మెడ అంత వెడల్పుగా తీస్తే భుజం జారుతుంది, జారకుండా తాళ్ళు పెట్టాలి. చంక మరీ కిందికి తీస్తే చెయ్యెత్తినప్పుడల్లా జాకెట్టు మొత్తం పైకి లేస్తుంది. ఆది జాకెట్టయితే మీ ఒంటి మీద నెలల తరబడి ఉండి, మీ భుజం వాలు, చెయ్యి కదిలే తీరు అన్నీ పట్టుకుని ఉంటుంది. మంచి టైలరు ముందు దాన్నే అడుగుతారు. ఫోటో చూపించడం తప్పనడం లేదు. చేతి అంచున మగ్గం వర్క్ నచ్చిందా, అదొక్కటీ తీసుకోండి. మొత్తం దించెయ్యాలనుకుంటే మాత్రం పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్టే.

ఫ్యాషన్ డిజైనింగ్ చదువుతామని వచ్చే పిల్లలు "బొమ్మలు బాగా వేస్తాను ఆంటీ" అంటారు. మంచిదే. కానీ గుడ్డ తెలియకపోతే బొమ్మ కాగితం మీదే ఉండిపోతుంది. ఒకే గుడ్డని నిలువుగా కోస్తే ఒకలా నిలుస్తుంది, ఏటవాలుగా కోస్తే సాగుతూ ఒంటిని పట్టుకుని జారుతుంది. 1920లలో పారిస్‌లో మదలీన్ వియొనే అనే డిజైనరు ఈ ఏటవాలు కోతతోనే పేరు తెచ్చుకుంది. గుడ్డ సంగతి తెలుసుకోవడానికి అంత దూరం పోనక్కర్లేదు లెండి. శ్రీకాకుళం జిల్లా పొందూరులో వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని దువ్వి శుభ్రం చేస్తారు. ఆ దవడకున్న సన్నటి పళ్ళు దువ్వెన పని చేస్తాయి. ఆ పత్తిని రాట్నం మీద వంద కౌంటు నూలుగా, అంటే చాలా సన్నటి దారంగా వడుకుతారు. ఒక్కరోజు ఆ పని దగ్గర కూర్చుని వచ్చిన పిల్ల, ఆ తర్వాత గుడ్డని అడ్డదిడ్డంగా కత్తిరించదని నా నమ్మకం.

ఇక నలుగురూ ఏమంటారో అన్న టెన్షన్ ఒకటుంది. ఆఫీసుకి ఒక పద్ధతి, పరామర్శకి వెళ్ళేటప్పుడు ఒక పద్ధతి ఉంటాయి. వాటిని పాటిస్తే మన సొంతదనం ఎక్కడికీ పోదు. నాకు మింగుడుపడనిదల్లా, ఒక పెళ్ళిలో కట్టిన చీర ఇంకో పెళ్ళికి కట్టకూడదన్న రూలు. ఫోటోలు వాట్సాప్ స్టేటస్‌లో అందరూ చూసేశారట, అందుకని! మొన్నటికి మొన్న మా వదిన నన్ను భోజనాల దగ్గర పట్టుకుని, "ఈ ఉప్పాడ చీర భీమిలి పెళ్ళిలో కట్టావు కదూ?" అంది. "అవునొదినా, శ్రావణంలో అనకాపల్లి పెళ్ళికీ ఇదే" అన్నాను.

సెలవు, నమస్కారం.