వేటకుక్క నెత్తురు మందకు కాపలా కాస్తుందా?

(ఎపిసోడ్ పూర్తి పాఠం. హోస్ట్‌తో మాట్లాడినవారు అనంతపురం జిల్లాలో గొర్రెల కాపరుల ఇంట పుట్టి, పశువైద్యుడిగా పనిచేస్తున్న అన్న.)

హోస్ట్: నమస్కారం. ఈ వారం ఒకే ఒక్క ప్రశ్న. కల్యాణదుర్గం వైపు నుంచి ఒక శ్రోత వాయిస్ మెసేజ్ పెట్టారు. ఆయనకు అరవై జీవాలు ఉన్నాయట. ముధోల్ అనే వేటకుక్క ఆడదానికీ రాట్‌వైలర్ అనే కాపలా కుక్కకీ పుట్టిన పిల్లను ఒకాయన అమ్ముతానంటున్నాడు. "వేటకుక్క ఉరుకుడు, కాపలా కుక్క కరుకు, రెండూ ఒకే ఒంట్లో ఉంటాయి, ఇంక తోడేలు నీ మంద దిక్కు చూడదు" అన్నాడట. కొనాలా వద్దా అన్నది ఆయన ప్రశ్న. అన్నా, నమస్తే.

అతిథి: నమస్తే తమ్ముడూ. ఆ అమ్మే మాట నేను ఇరవై ఏళ్లుగా వింటున్నా. నేనూ నమ్మినవాణ్ణే, అందుకే ఆయన బాధ నాకు తెలుసు.

హోస్ట్: ముందు ఒక్క విషయం. వేటకుక్క అంటే ఇక్కడ ఏ రకం?

అతిథి: వాసన పట్టి పోయేవి కాదు, కంటితో చూసి ఉరికేవి. ఇంగ్లీషులో సైట్‌హౌండ్ అంటారు. సన్నటి మూతి, లోతైన ఛాతీ, వెన్నుకు అతుక్కున్న పొట్ట. మనకు దగ్గర్లో ముధోల్ ఉంది, బాగల్‌కోట్ జిల్లాది, కార్వాన్ అని కూడా అంటారు. తమిళనాడులో చిప్పిపారై, కన్ని ఉన్నాయి. బయట దేశాల్లో గ్రేహౌండ్, సలూకీ. ముధోల్‌ని తక్కువ చేసి మాట్లాడను. మీరట్‌లో మన సైన్యం వాళ్లు 2016లో దాన్ని తీసుకుని శిక్షణ ఇచ్చినారు. అద్భుతమైన కుక్క. కాకపోతే దేనికి అద్భుతం అన్నది చూడాల.

హోస్ట్: కాపలా కుక్కకు ఉరుకుడు తోడైతే మంచిదే కదా అని నాకూ అనిపిస్తుంది. తోడేలు వేగంగా పోతుంది, దాన్ని అందుకోవాలి కదా?

అతిథి: చిక్కంతా ఆడనే ఉంది తమ్ముడూ. అందుకోవాలని ఎవరన్నారు? తోడేలును పట్టుకోవడం కాపలా కుక్క పని కాదు. తోడేలుకీ జీవానికీ మధ్యలో నిలబడటం దాని పని. మా నాయన చెప్పేవాడు, తోడేళ్లు జోడుగా వస్తాయని. ఒకటి ఎదురుగా కనపడి కుక్కను లాగుతుంది. కుక్క దాని ఎనక పడి రెండు చేన్లు దాటిపోతుంది. ఇంకొకటి ఈ పక్కనుంచి రొప్పంలోకి, అంటే గొర్రెల దొడ్డిలోకి, దూరి పిల్లను ఎత్తుకుపోతుంది. ఏ ఊరి కాపరిని అడిగినా ఈ మాట చెప్తాడు. అట్లాంటప్పుడు ఎంత వేగంగా ఉరికే కుక్క ఉంటే, మంద అంత దూరంగా ఒంటరిగా మిగిలిపోతుంది.

హోస్ట్: అంటే వేగమే నష్టం చేస్తుందా?

అతిథి: వేగం కాదు, ఉరకాలనే కోరిక. నమీబియా సంగతి చెప్తా. ఆడ మేకల మందల మీదికి చిరుతలు కాదు, చీతాలు వస్తాయి. రైతులు తుపాకీతో కాల్చేసేవాళ్లు. చీతాలను కాపాడే సంస్థ ఒకటి 1994లో ఒక పని మొదలుపెట్టింది. టర్కీ దేశపు కంగల్, అనటోలియన్ కాపలా కుక్కల పిల్లల్ని రైతులకు ఇచ్చినారు. చీతా గంటకు వంద కిలోమీటర్ల వేగం దాటే జంతువు. లోకంలో ఏ కుక్కా దాన్ని అందుకోలేదు. అయినా ఆ కుక్కలు పని చేసినాయి. ఎట్లా? ఉరికి కాదు. మేకల నడుమ నిలబడి, గట్టిగా మొరిగి, నేనున్నా అని చూపించి. ఈడ గొడవ పడితే తనకే దెబ్బ తగులుతుందని చీతా ఎనక్కి పోతుంది. ఇట్ల చూస్తే, వేగం కోసం సైట్‌హౌండ్ నెత్తురు కలపడంలో అర్థమేముంది?

హోస్ట్: ఆ ఉదాహరణ నాకు కొత్త. మరి శాస్త్రం వైపు నుంచి, లోపల జరిగేది ఏంటి?

అతిథి: అమెరికాలో రేమండ్ కాపింజర్, లోర్నా కాపింజర్ అని కుక్కల మీద పరిశోధన చేసిన భార్యాభర్తలు ఉండేవాళ్లు. హ్యాంప్‌షైర్ కాలేజీలో ఉండి 1970ల చివరలో టర్కీ, యుగోస్లావియా, ఇటలీ నుంచి మంద కుక్కల్ని తెప్పించి రైతులకు ఇచ్చి గమనించినారు. వేట అనేది ఒక్క పని కాదు, గొలుసు అన్నారు వాళ్లు. మొదట చూపు నిలపడం, తర్వాత పొంచి నడవడం, తరమడం, పట్టడం, చంపడం, చీల్చి తినడం. ఒక్కో రకం కుక్కలో ఈ గొలుసులో ఒక్కో కొక్కెం గట్టిగా, ఇంకొకటి సడలి ఉంటుంది. మంద కుక్కలో ఆ గొలుసు దాదాపు నిద్రపోతూ ఉంటుంది. గొర్రెపిల్ల గంతేసి ఉరికినా అది తల తిప్పదు. సైట్‌హౌండ్‌లో తరమడం, పట్టడం అనే కొక్కేలు మెరుపులా పని చేస్తాయి. ఏదైనా కదిలితే చాలు, మనసుతో పని లేకుండా కాళ్లు లేస్తాయి.

హోస్ట్: రెండూ కలిస్తే సగం సగం వస్తుందా?

అతిథి: చాయ్‌లో పాలు కలిపినట్టు రాదప్పా. మొదటి తరంలో పిల్లలు కొంచెం ఒక పోలికగానే కనపడతాయి. వాటిలో వాటిని కలిపినప్పుడు రెండో తరం చెదిరిపోతుంది. ఇంకొక మాట, సగం నిద్రపోయే వేట గొలుసు చాలా ప్రమాదం. పూర్తిగా ఉంటే కట్టేస్తాం, జాగ్రత్త పడతాం. అసలు లేకుంటే భయం లేదు. అప్పుడప్పుడు మేలుకునేదే కొంప ముంచుతుంది. పది నెలలు బుద్ధిగా ఉండి, పదకొండో నెలలో ఒకరోజు గొర్రెపిల్లను తరుముతుంది.

హోస్ట్: ఇది మీ అనుభవమా?

అతిథి: నాదే. మా తమ్ముడి మంద కోసం నేనే ఒక ఈత నుంచి రెండు పిల్లలు తెచ్చినా. అమ్మ ముధోల్, నాయన రాట్‌వైలర్. మగదానికి ఎర్రోడని పేరు పెట్టినాం. చూడటానికి కన్ను తిప్పుకోలేం. పొడవాటి కాళ్లు, వెడల్పు ఛాతీ, తేనె రంగు. పద్నాలుగు నెలల వయసులో చెవులపిల్లిని, అదే కుందేలును, చూసి ఉరికితే మంద మొత్తం బెదిరి మూడు దిక్కులు చెదిరిపోయింది. రాత్రి ఏడు దాకా ఏరుకుంటూ తిరిగినాం. రెండు జీవాలు దొరకనే లేదు. సరే, చిన్నతనం అనుకున్నాం. నెల తర్వాత పాలు తాగే పిల్ల ఒకటి గంతులేస్తుంటే దాన్ని తరిమి తొడ పట్టింది. చంపలేదు. పట్టి నిలబడి మా తమ్ముడి దిక్కు చూసింది, తెచ్చినా చూడు అన్నట్టు. దానిలో చెడుబుద్ధి లేదు తమ్ముడూ. దాని అమ్మ నెత్తురు దానికి నేర్పిన పనే అది చేసింది. ఆ పిల్ల కాలు విరిగింది, బతకలేదు. ఎర్రోణ్ణి మామిడితోట ఉన్న బంధువుకు ఇచ్చేసినాం. ఆడ ప్రహరీ లోపల హాయిగా ఉండె. తప్పు నాది, కుక్కది కాదు. తప్పుడు పనిలో పెట్టినా.

హోస్ట్: రెండోది?

అతిథి: ఆడపిల్ల. దాన్ని గౌరి అనేవాళ్లం. అది బాగా పని చేసింది. ఈ మాట దాచను, దాచితే అబద్ధం చెప్పినట్టే. ఎర్రోడు మూడు నెలలు మా ఇంట్లో పిల్లల మధ్య పెరిగి తర్వాత మందకు పోయినాడు. గౌరి ఐదో వారం నుంచే రొప్పంలో గొర్రెల పక్కన పడుకుంది. మజ్జిగ, సంగటి అన్నీ ఆడనే. కుక్కపిల్లకు మూడో వారం నుంచి మూడు నాలుగు నెలల దాకా ఎవరితో పెరిగితే వాళ్లే తన వాళ్లు. గౌరికి గొర్రెలే చుట్టాలైనాయి.

హోస్ట్: అయితే పెంపకం సరిగ్గా ఉంటే క్రాస్ కూడా పని చేస్తుందన్నమాట?

అతిథి: ఒక్క కుక్క పని చేస్తుంది. మనకు కావాల్సింది వరస. గౌరికి ఐదు పిల్లలు పుట్టినాయి. నాయన కూడా అట్లాంటి క్రాసే. ఒకటి అచ్చం ముధోల్, ఆకు కదిలినా ఉరికేది. ఒకటి బరువుగా, ఎండలో నడవలేక చెట్టుకింద కూలబడేది. ఒకటి ఉరుము వస్తే రొప్పం వదిలి పారిపోయేది. మిగతా రెండూ ఫర్వాలేదు. ఏది ఎట్లా తేలుతుందో ఏడాది దాకా తెలీదు. ఆ ఏడాది తిండి, మందు, పోయిన జీవాలు, అన్నీ కాపరి నెత్తిమీదే. మంద కుక్కకు మంద కుక్కను కలిపినప్పుడు కూడా చెడ్డవి పుడతాయి, కానీ ఇంతగా చెదరవు.

హోస్ట్: ఇక్కడ ఒక సందేహం. 2022లో అమెరికా శాస్త్రవేత్తలు వేల కుక్కల మీద ఒక అధ్యయనం చేశారు. కుక్క ప్రవర్తనలో తేడాలకు జాతి కారణం 9 శాతమేనని తేల్చారు. మరి జాతిని ఇంతగా పట్టుకోవాలా?

అతిథి: మంచి ప్రశ్న. ఆడ చూసినవి ఎక్కువగా ఇంట్లో పెంచుకునే కుక్కలు, యజమానులు జవాబులు రాసినవి. మనం మాట్లాడేది పనిలో తేలిన తల్లిదండ్రుల పిల్లల గురించి. నాకు ఆ అధ్యయనం చెప్పేది ఇంకోటి. పేరు చూసి కొనొద్దు అని. ముధోల్ అనే పేరైనా, కంగల్ అనే పేరైనా, క్రాస్ అనే పేరైనా సరే. ఆ పిల్ల అమ్మానాయనా ఏ పని చేస్తున్నారో కళ్లతో చూడు. అమ్మేవాడు తల్లిని పనిలో చూపించలేకపోతే ఆ పిల్ల ఎంత అందంగా ఉన్నా మందకు వద్దు.

హోస్ట్: చరిత్రలో ఈ కలయిక ఎక్కడా ఫలించలేదా?

అతిథి: ఎందుకు ఫలించలేదు! వేటలో ఫలించింది. ఇంగ్లండ్‌లో 18వ శతాబ్దంలో లార్డ్ ఆర్ఫర్డ్ అనే ఆయన గ్రేహౌండ్లకు మొండి ధైర్యం కావాలని బుల్‌డాగ్‌ని కలిపినాడు. మళ్లీ మళ్లీ గ్రేహౌండ్లతోనే కలుపుకుంటూ ఆరేడు తరాలకు రూపం గ్రేహౌండ్, గుండె బుల్‌డాగ్ అయ్యేదాకా తెచ్చినాడని చెప్తారు. డార్విన్ 1859 నాటి తన పుస్తకంలో బుల్‌డాగ్ కలపడం తరాల పాటు గ్రేహౌండ్ల ధైర్యాన్నీ మొండితనాన్నీ మార్చిందని రాసినాడు. ఆ వాక్యంలోనే ఇంకో సగం ఉంది, అది మన కాపరులకు కావాల్సింది. గ్రేహౌండ్‌తో ఒక్కసారి కలిపినందుకు గొర్రెల కుక్కల కుటుంబం మొత్తానికి కుందేళ్లను తరిమే గుణం వచ్చిందట. మా ఎర్రోడి కథ నూటయాభై ఏళ్ల ముందే రాసిపెట్టి ఉంది.

హోస్ట్: అవునా! మరి వేటకు అంటే, ఇంకెక్కడ?

అతిథి: అర్జెంటీనాలో కోర్డోబా ఊరి నోరెస్ మార్టినెజ్ అనే డాక్టరు డోగో అర్జెంటీనో తయారుచేసినాడు. అందులో గ్రేట్ డేన్, ఐరిష్ వుల్ఫ్‌హౌండ్, పిరనీస్ పర్వతాల మంద కుక్క, ఇంకా చాలా కలిసినాయి. అడవిపందిని పట్టే కుక్క వచ్చింది. మంద కాసే కుక్క రాలేదు. ఐరిష్ వుల్ఫ్‌హౌండ్ సంగతీ అంతే. ఐర్లండ్‌లో తోడేళ్లు అంతరించి చాలాకాలమైనాక, 1862 నుంచి కెప్టెన్ గ్రాహం డీర్‌హౌండ్ అనే వేటకుక్కకి గ్రేట్ డేన్, బోర్జోయ్ జాతుల్ని కలిపి ఆ పాత జాతిని మళ్లీ కట్టినాడు. ఎంత పెద్ద కుక్కో! గుండె జబ్బు, ఎముక క్యాన్సర్‌తో తొందరగా పోతాయి పాపం. కాపలాకు పనికిరానంత నెమ్మది మనసు. తోడేలు పేరు పెట్టుకున్నంత మాత్రాన తోడేలు నుంచి కాపాడుతుందని కాదు.

హోస్ట్: మనదగ్గర అడవిపంది, కుందేలు వేట చేయకూడదు కదా.

అతిథి: 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం కుక్కలతో వేట నేరం. తోడేలు ఆ చట్టంలో మొదటి షెడ్యూల్ జంతువు, అంటే గట్టి రక్షణ ఉన్నది, దాన్ని చంపితే జైలు. కాబట్టి క్రాస్ కుక్క బాగా ఫలించే ఆ పని మన కాపరి చేయకూడని పని. ఇంకోటి చెప్పాల, 2024 మార్చిలో కేంద్రం 23 రకాల కుక్కల్ని, వాటి క్రాస్‌లను కూడా, అమ్మకూడదు, పెంచకూడదు అని రాష్ట్రాలకు ఉత్తరం రాసింది. రాట్‌వైలర్, కంగల్ అందులో ఉన్నాయి. ఏప్రిల్‌లో కర్ణాటక హైకోర్టు దాన్ని కొట్టేసింది. అయినా కొనేముందు మీ పంచాయతీలో, మున్సిపాలిటీలో నియమం ఏముందో అడిగి కొనండి.

హోస్ట్: ఒంటి సంగతి కూడా చెప్పండి. ఎండ, గాయాలు.

అతిథి: సైట్‌హౌండ్‌కి చర్మం కాగితమంత పలచన. కంపలో దూరితే చీరుకుపోతుంది. మా దగ్గర కుట్లు వేయించుకునే వాటిలో అవే ఎక్కువ. కొన్ని మత్తుమందులు గ్రేహౌండ్ రకాలకు తొందరగా దిగవు, అందుకే క్రాస్ అయినా సరే అమ్మ ఏ జాతో డాక్టరుకు ముందే చెప్పండి. రాట్‌వైలర్‌కు మా వైపు ఏప్రిల్ ఎండ ఒక శిక్ష. క్రాస్‌లో ఇవి ఏవి వస్తాయో అదృష్టం. పొట్ట ఉబ్బి మెలిపడే జబ్బు రెండు వైపులా ఉంది, లోతైన ఛాతీ ఉన్న పెద్ద కుక్క ఏదైనా జాగ్రత్తే.

హోస్ట్: మరి ఆ కల్యాణదుర్గం అన్నకు ఏం చెప్తాం?

అతిథి: ఆ పిల్లను కొనొద్దని చెప్తా. అరవై జీవాలకు రెండు మంద కుక్కలు చాలు, ఒకటి ఉరికినా ఇంకొకటి నిలబడుతుంది. మా ఊళ్లో ఒక కాపరి దగ్గర ఆడకుక్క పదేళ్లుగా పని చేస్తోంది. ఆ కుక్కకు పేరున్న జాతి ఏదీ లేదు, మన నాటు మంద కుక్కే. ఇప్పుడు పిల్లలు పెట్టింది. ఆయన్ను రమ్మను. వచ్చినప్పుడు పిల్లల్ని కాదు, తల్లిని చూడమను. మంద లేచి కదిలినప్పుడు అది ముందు ఉరుకుతుందా, లేకపోతే చివరి గొర్రె లేచేదాకా ఆగుతుందా? కొత్త మనిషి వస్తే మొరుగుతూ మంద వైపు ఎనక్కి వస్తుందా, మనిషి మీదికి పోతుందా? చిన్న పిల్ల ఎగిరి దాని ఒంటిమీద పడినప్పుడు ఏం చేస్తుంది? ఒక సాయంత్రం ఆడ కూర్చుంటే అన్నీ తెలుస్తాయి.

హోస్ట్: ఎప్పుడు రమ్మంటారు?

అతిథి: పిల్లలకు ఇప్పుడు మూడు వారాలు. పాలు మరిచి, ఎనిమిది వారాలు నిండినాక రమ్మను. పాత గోనెసంచి ఒకటి తన గొర్రెల కింద రెండు రాత్రులు వేసి తెమ్మను. ఆ సంచిలోనే పిల్లను పడుకోబెట్టి పంపిస్తాం.