బాంబు పొగ, బండి పొగ: ఫోన్-ఇన్ కార్యక్రమం పూర్తి పాఠం

వ్యాఖ్యాత: శ్రోతలకు నమస్కారం. యుద్ధాల వల్ల, రోజువారీ కాలుష్యం వల్ల గాలిలో కలిసే విషాల గురించి ఇవాళ మాట్లాడుకుందాం. స్టూడియోలో వాయు కాలుష్య నిపుణులు ఉన్నారు. లైన్లు అప్పుడే నిండిపోయాయి. సార్, నేరుగా కాల్స్‌కి వెళ్దామా?

నిపుణుడు: వెళ్దాం. ఒక్క మాట చెప్పనివ్వండి. ఫోన్ చేసేవాళ్లు ముందు తేల్చుకోవాల్సింది, మీరు అడిగేది దుమ్ము గురించా, గ్యాస్ గురించా? పొగలో రెండూ ఉంటాయి. దుమ్ముని ఆపేది గ్యాస్‌ని ఆపదు. ఈ మాట ఇవాళ పదిసార్లు అంటాను, విసుక్కోకండి.

వ్యాఖ్యాత: మొదటి కాలర్, చెప్పండమ్మా.

శ్రోత: నమస్తే సార్. బాంబులు పడి మంటలు లేచినప్పుడు ముక్కుకి తడిగుడ్డ కట్టుకోమంటారు కదా. అది సరిపోతుందా?

నిపుణుడు: సరిపోదమ్మా. తడిగుడ్డ కంటికి కనిపించే మసిని, ముతక దుమ్ముని కొంత ఆపుతుంది, అంతే. అసలు ముప్పు పీఎం 2.5 తోటి. అంటే 2.5 మైక్రాన్లు, అంతకంటే సన్నటి రేణువులు. తల వెంట్రుక మందంలో దాదాపు ముప్పయ్యో వంతు. ఇవి ముక్కులోనూ గొంతులోనూ చిక్కవు. ఊపిరితిత్తుల అడుగున ఉండే గాలిగదుల దాకా పోతాయి. మరీ సన్నవైతే రక్తంలోకే దిగుతాయి. కాలుష్యంతో గుండెపోటూ పక్షవాతం రావడానికి ఒక కారణం అదే. వీటికి ఎన్95 గానీ ఎఫ్‌ఎఫ్‌పీ2 గానీ, అంటే సన్నటి దుమ్ముని వడకట్టే మాస్కు పెట్టుకోవాలి.

శ్రోత: గుడ్డ బొత్తిగా వద్దా అయితే?

నిపుణుడు: చేతిలో ఇంకేమీ లేనప్పుడు, పొగలోంచి బయటపడే ఆ రెండు నిమిషాలకి కట్టుకోండి. దాన్ని నమ్ముకుని అక్కడే ఉండిపోవద్దు. ఎన్95 ఉన్నా పెట్టుకోవడం తెలియాలి. పై పట్టీ తలకి వెనక ఎత్తుగా, కింది పట్టీ చెవుల కింద మెడ మీదికి రావాలి. ముక్కు మీది తీగని రెండు చేతుల వేళ్లతో నొక్కండి. ఒక్క చేత్తో నొక్కితే మధ్యలో మడత పడి రెండు పక్కలా సందు మిగులుతుంది. తర్వాత రెండు అరచేతులూ మాస్కు మీద పెట్టి గట్టిగా ఊదండి. కళ్ల దగ్గర గాలి తగిలితే తీగ సరిచేయాలి, చెంపల దగ్గర తగిలితే పట్టీలు. మగవాళ్లకి గడ్డం ఉంటే అంచు అతకదు, తీసేయాల్సిందే.

వ్యాఖ్యాత: థాంక్యూ అమ్మా. తర్వాతి కాల్.

శ్రోత: సార్, రసాయన దాడి జరిగితే ఈ ఎన్95 పనికొస్తుందా?

నిపుణుడు: రాదు. అది దుమ్ము మాస్కు. గ్యాస్‌కి వాడే గ్యాస్ మాస్కు వేరు, దానికి కార్బన్ గుళికలు, అంటే కార్బన్ నింపిన ఫిల్టర్ డబ్బాలు ఉంటాయి. అదైనా అన్ని గ్యాస్‌లనీ ఆపదు. కార్బన్ మోనాక్సైడ్ మామూలు కార్బన్ గుళికలోంచి దర్జాగా లోపలికి వచ్చేస్తుంది. గాలిలో ఆక్సిజనే తగ్గిపోతే ఏ గుళికా కాపాడదు. ఇంకోటి, వాడటం నేర్చుకోకుండా గ్యాస్ మాస్కు కొని దాచుకోవద్దు. 1991లో గల్ఫ్ యుద్ధం అప్పుడు ఇజ్రాయెల్‌లో సైరన్ మోగగానే ఫిల్టర్ మూత తీయకుండానే మాస్కు పెట్టుకుని, ఊపిరాడక కొందరు చనిపోయారు. ఆ క్షిపణుల్లో విషవాయువే లేదు.

వ్యాఖ్యాత: తర్వాత ఎవరండీ?

శ్రోత (పెద్దాయన): నమస్కారమండీ. వినిపిస్తోందా? ఏం లేదండీ, నాకో ధర్మసందేహం. బాంబుదాడి జరిగితే సెల్లార్‌లోకి దిగమంటారు. గ్యాస్ వస్తే మేడెక్కమంటారు. కిటికీలు మూయమంటారు, మళ్లీ మూసిన గది ప్రమాదం అంటారు. మొదటి ప్రపంచయుద్ధంలో కందకాల్లో ఉన్నవాళ్లే గ్యాస్‌కి ఎక్కువగా పోయారని చదివాను. ఇప్పుడు కందకాలు లేవనుకోండి, డ్రోన్లు వచ్చాయి. డ్రోన్ సంగతి తర్వాత అడుగుతాను. ముందు కిందికా, పైకా?

నిపుణుడు: మంచి ప్రశ్నండీ. రెండు సలహాలూ నిజమే, సందర్భాలు వేరు. మీరన్న కందకాల సంగతి 1915 ఏప్రిల్ 22న, బెల్జియంలో ఈప్ర దగ్గర. జర్మన్లు వేల సిలిండర్ల నుంచి క్లోరిన్ వదిలారు. క్లోరిన్ గాలికంటే రెండున్నర రెట్లు బరువు. నేలబారున పాకి పల్లాల్లోకి దిగుతుంది. కందకాల్లో వాళ్లకి అందుకే తప్పించుకునే దారి లేకపోయింది. కాబట్టి పేలుళ్లు, ఫిరంగి గుళ్లు, కూలే గోడలు అయితే కిందికి. పచ్చగా పొగమంచులా వచ్చి, ఈత కొలనులో వేసే బ్లీచింగ్ వాసన కొడితే పైకి, గాలి వీచే దిక్కుకి అడ్డంగా. గ్యాస్ వెంట పరుగెత్తకూడదు.

పెద్దాయన: రెండూ కలిసి వస్తే?

నిపుణుడు: అప్పుడు ముందు ప్రాణం తీసేదేదో దాన్నుంచి. మీద గుళ్లు పడుతున్నంతసేపూ కిందే. గ్యాస్ అని తెలిస్తే గుళ్లు ఆగీ ఆగగానే పైకి. ఇంతకంటే తేలికైన జవాబు నా దగ్గర లేదండీ.

పెద్దాయన: అదే, మరి గది మూసుకోవడం అన్నారు...

నిపుణుడు: నేనింకా అనలేదు, మీరే అన్నారు. సరే చెప్తాను, రాసుకోండి. కిటికీలు తక్కువున్న, నేలమట్టానికి పైనున్న గది ఎంచుకోవాలి. ఏసీ, ఫ్యాన్లు, ఎగ్జాస్ట్ ఆపేయాలి. మందం పాలిథిన్ షీటుని తలుపుకంటే, కిటికీకంటే నాలుగు పక్కలా ఓ జానెడు ఎక్కువుండేలా ముందే కోసి, ఏది దేనికో పేరు రాసి పెట్టుకోవాలి. అతికించేటప్పుడు ముందు నాలుగు మూలలూ, తర్వాత అంచులు. తలుపు కింద సందుకి తడి తువ్వాలు. స్విచ్‌బోర్డు రంధ్రాలు, పైపు చుట్టూ సందులు మర్చిపోతారు, వాటికీ టేపు వేయాలి.

పెద్దాయన: ఎన్ని రోజులుండాలి అలా?

నిపుణుడు: రోజులు కాదండీ, గంటలు! మనిషికి సుమారు 1 చదరపు మీటరు నేల ఉంటే 5 గంటల దాకా గాలి సరిపోతుంది. తర్వాత మీరు వదిలిన కార్బన్ డయాక్సైడే మీకు ముప్పు. తలనొప్పి, మత్తు మొదలవుతాయి. బయట గ్యాస్ తేలిపోయిందని అధికారులు చెప్పగానే షీట్లు పీకి అన్నీ తెరిచి గాలాడనివ్వాలి. ఈ గది గ్యాస్ మేఘం దాటిపోయే కాసేపటికే, కాపురానికి కాదు.

పెద్దాయన: ఆ గదిలో చలేస్తే చిన్న కుంపటి...

నిపుణుడు: వద్దు! అస్సలు వద్దు. కుంపటి, స్టవ్వు, కొవ్వొత్తి, జనరేటర్ ఏదీ వద్దు. మూసిన చోట నిప్పు పెడితే కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. రంగు లేదు, వాసన లేదు. రక్తంలో హిమోగ్లోబిన్‌ని ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. నిద్రలో ఉన్నవాళ్లు నిద్రలోనే పోతారు. కరెంటు పోయిన ఊళ్లలో బాంబు తప్పించుకున్నవాళ్లు కూడా జనరేటర్‌కి బలైపోతారు. జనరేటర్ బయట, తలుపులకీ కిటికీలకీ కనీసం 6 మీటర్ల దూరంలో, పొగగొట్టం ఇంటికి వ్యతిరేకంగా తిప్పి ఉండాలి. వరండాలో వద్దు, సెల్లార్‌లో వద్దు. తలుపు తెరిచి పెట్టాం కదా అన్నా వద్దు.

పెద్దాయన: అలాగేనండీ. మరి తడిగుడ్డ కట్టుకుంటే...

వ్యాఖ్యాత: అది మొదటి కాల్‌లోనే చెప్పారు సార్.

నిపుణుడు: ఫర్వాలేదు, అడగనివ్వండి. తడిగుడ్డ దుమ్ముకి కొంచెం, గ్యాస్‌కి దాదాపు సున్నా. దుమ్మా, గ్యాసా? అది తేలితే మిగతావన్నీ తేలతాయి.

పెద్దాయన: మరి ఆ డ్రోన్ల సంగతి...

వ్యాఖ్యాత: క్షమించాలి సార్, లైన్లో చాలామంది ఉన్నారు. తర్వాతి కాల్. హలో? హలో? లైన్ పోయినట్టుంది. ఇంకొకరు, చెప్పండి.

శ్రోత: అణుబాంబు పడితే అయోడిన్ మాత్ర వేసుకోవాలంటారు. ఇప్పుడే కొని రోజూ వేసుకోవచ్చా మేడమ్... సారీ, సార్?

నిపుణుడు: రోజూ వేసుకుంటే థైరాయిడ్ చెడుతుంది. ఆ మాత్రలో ఉండే పొటాషియం అయొడైడ్ కాపాడేది ఒక్క థైరాయిడ్‌నే, అదీ రేడియోధార్మిక అయోడిన్ నుంచి మాత్రమే. అణువిద్యుత్ కేంద్రం దెబ్బతిన్నప్పుడే దాని పని ఎక్కువ. పెద్దవాళ్లకి 130 మిల్లీగ్రాములు, 3 నుంచి 18 ఏళ్ల వాళ్లకి 65, నెల దాటి 3 ఏళ్ల లోపు పిల్లలకి 32, నెల లోపు శిశువుకి 16. అధికారులు వేసుకోమన్నప్పుడే వేసుకోవాలి. నలభై దాటినవాళ్లకి లాభం తక్కువ. టింక్చర్ అయోడిన్ తాగడం లాంటివి చేయొద్దు, అది విషం.

శ్రోత: బాంబే పడితే మరి?

నిపుణుడు: గోడలే మందు. కాంక్రీటు భవనం నడిమధ్యకో, సెల్లార్‌లోకో వెళ్లి కనీసం 24 గంటలు ఉండాలి. కాలం ఏడు రెట్లయితే రేడియేషన్ పదో వంతుకి పడిపోతుంది. పేలిన గంటకి 100 ఉందనుకోండి, 7 గంటలకి 10, 49 గంటలకి 1. మొదటి రోజు బయట తిరగకపోవడమే పెద్ద రక్షణ. బయటనుంచి వచ్చారా, పైబట్టలు విప్పి సంచిలో కట్టి దూరంగా పెడితే ఒంటిమీది ధూళి చాలావరకు పోతుంది. స్నానం సబ్బుతో, ఒళ్లు గీరుకోకుండా. జుట్టుకి షాంపూ సరే, కండిషనర్ వద్దు. అది రేడియోధార్మిక ధూళిని జుట్టుకి అంటిపెట్టేస్తుంది.

వ్యాఖ్యాత: చాలా ఉపయోగం. తర్వాత?

శ్రోత: సార్, కూలిన ఇంట్లో శిథిలాలు తీసేటప్పుడు ఏం జాగ్రత్త తీసుకోవాలి?

నిపుణుడు: ముందు, పేలని బాంబు ఉందేమో చూసుకోవాలి. అనుమానంగా లోహపు వస్తువు ఏది కనిపించినా ముట్టుకోకండి, గుర్తు పెట్టి వెనక్కి వచ్చి బాంబు స్క్వాడ్‌కి చెప్పండి. ఇక దుమ్ము. కాంక్రీటు పొడి క్షారం, తడి కన్ను, గొంతు మండిస్తుంది. 2001లో న్యూయార్క్ జంట భవనాలు కూలినప్పుడు లేచిన దుమ్ములో నలిగిన కాంక్రీటు, గాజునార, ఆస్బెస్టాస్ అనే రాతినార అన్నీ ఉన్నాయి. ఆ శిథిలాల్లో పనిచేసినవాళ్లలో ఎంతోమంది ఏళ్ల తరబడి ఊపిరితిత్తుల జబ్బులతో బాధపడుతున్నారు. ఆస్బెస్టాస్ క్యాన్సర్ బయటపడటానికి ఇరవై, ముప్పై ఏళ్లు కూడా పడుతుంది. అందుకే అప్పటికి ఏమీ కాలేదంటే ఏమీ కానట్టు కాదు.

శ్రోత: నీళ్లు చల్లితే?

నిపుణుడు: చల్లాలి, కానీ తుంపరలా. జెట్‌తో కొడితే దుమ్ము ఇంకా లేస్తుంది. పొడి చీపురు వద్దు. మామూలు వాక్యూమ్ క్లీనరూ వద్దు, సన్నటి నారని వెనకనుంచి మళ్లీ గదిలోకే ఊదుతుంది. ఆస్బెస్టాస్ ఉండే ముడతల రేకులు, పాత పైపుల చుట్టూ చుట్టిన పొరలు విరగ్గొట్టకుండా అలాగే తీసి, తడిపి, రెండు సంచుల్లో కట్టాలి. మాస్కు పీ100 గానీ ఎఫ్‌ఎఫ్‌పీ3 గానీ ఉండాలి, ఇవి ఎన్95 కంటే గట్టిగా వడకడతాయి. పని బట్టలు ఇంట్లో దులపకూడదు.

వ్యాఖ్యాత: విద్యార్థి ఒకరు లైన్లో ఉన్నారు.

శ్రోత: సర్, యుద్ధంతో చచ్చేవాళ్లు ఎక్కువా, మామూలు గాలితోనా? అణుయుద్ధం మసి ఎండని ఆపి లోకాన్ని చల్లబరుస్తుందంటారే, ఆ అణుశీతాకాలం నిజమేనా?

నిపుణుడు: మామూలు గాలే, బాబూ. 2019లో ఒక్క బయటి గాలి కాలుష్యం వల్లే 42 లక్షల అకాల మరణాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. పీఎం 2.5 సగటు ఏడాదికి ఘనపు మీటరుకి 5 మైక్రోగ్రాములు దాటకూడదని 2021లో చెప్పింది, రోజుకి 15. ప్రపంచంలో 99 శాతం మంది ఆ సంస్థ పెట్టిన పరిమితులు దాటిన గాలే పీలుస్తున్నారు. 1952 డిసెంబరులో లండన్‌ మీద ఐదు రోజులు బొగ్గుపొగ కమ్మితే వేలమంది పోయారు. ఒక్క బాంబూ పడలేదు. నాలుగు వేలని అప్పట్లో లెక్క, పన్నెండు వేల దాకా అని తర్వాతి అధ్యయనాల మాట.

శ్రోత: రెండో ప్రశ్న సర్.

నిపుణుడు: వస్తున్నా. 1991లో కువైట్‌లో 600కి పైగా చమురు బావులు తగలబెట్టారు, ఆఖరిది నవంబరులో ఆరింది. అయినా ప్రపంచం చల్లబడలేదు. ఎందుకంటే ఆ మసి చాలావరకు ఐదారు కిలోమీటర్ల ఎత్తులోపే ఉండిపోయింది, వానలు కడిగేశాయి. నగరాలు నగరాలే అణుమంటల్లో కాలితే మసి వానమేఘాల పైకి, స్ట్రాటోస్ఫియర్‌లోకి పోతుంది. అక్కడ కడిగే వాన లేదు, ఏళ్ల తరబడి ఎండని అడ్డుకుంటుంది. 1983 నుంచీ శాస్త్రవేత్తలు చెబుతున్నది అదే. చల్లదనం ఎంత అన్నదాని మీద వాదన ఉంది, పంటలు పోతాయన్న దాని మీద పెద్దగా లేదు. 1815లో టాంబోరా అగ్నిపర్వతం పేలితే మర్నాడు కాదు, మరుసటి ఏడు యూరప్‌లో, ఉత్తర అమెరికాలో వేసవి లేకుండా పోయింది.

వ్యాఖ్యాత: ఆఖరి కాల్, త్వరగా అడగండమ్మా.

శ్రోత: ప్యూరిఫయర్ కొనాలి సార్, ఏది చూడాలి?

నిపుణుడు: పేరు కాదు, సీఏడీఆర్ అంకె చూడండి, అంటే గంటకి ఎంత శుభ్రమైన గాలి ఇస్తుందో చెప్పేది. గది వైశాల్యాన్ని ఎత్తుతో గుణించి, దాన్ని 5తో గుణించండి. 12 చదరపు మీటర్ల గది, రెండున్నర మీటర్ల ఎత్తు అయితే 30 ఘనపు మీటర్లు, కాబట్టి గంటకి 150 ఘనపు మీటర్లు ఉండాలి. సన్నటి దుమ్ముని పట్టే హెపా ఫిల్టర్ ఉండాలి. ఓజోన్ వదిలేది ఉచితంగా ఇచ్చినా వద్దు, ఓజోనే ఊపిరితిత్తులకి విషం. హెపా దుమ్ముకి మాత్రమే, గ్యాస్‌కి కిలోలకొద్దీ కార్బన్ కావాలి.

శ్రోత: అంత కొనలేకపోతే?

నిపుణుడు: చదరపు బాక్స్ ఫ్యాను ఒకటి, మెర్వ్-13 రకం, అంటే సన్నటి దుమ్ముని కూడా పట్టే ఏసీ ఫిల్టర్లు నాలుగు, అట్టపెట్టె, టేపు. ఫిల్టర్లు నాలుగింటినీ గోడల్లా నిలబెట్టి, అడుగున అట్ట, పైన ఫ్యాను గాలి పైకి వదిలేలా పెట్టాలి. ఫిల్టర్ మీది బాణం గుర్తు పెట్టె లోపలికి చూడాలి, చాలామంది తిప్పి పెడతారు. సందులన్నీ టేపుతో మూసేయండి. ఫ్యాను మూలల్లోంచి గాలి వెనక్కి రాకుండా, రెక్కల మేర గుండ్రంగా కోసిన అట్ట పైన అతికించండి. ఫిల్టర్లు నల్లబడి గాలి తగ్గితే మార్చాలి. గదిలో స్టవ్వో కుంపటో పెట్టి ఇది తిప్పితే మాత్రం...

వ్యాఖ్యాత: సమయం అయిపోయింది సార్. థాంక్యూ. ఫోన్ చేసినవాళ్లందరికీ ధన్యవాదాలు.