దొంగకు వేసిన తాళం యజమానికే పడితే

చర్చా కార్యక్రమం. పాల్గొన్నవారు: ఒక కారు యజమానురాలు, ఒక ఆటో ఎలక్ట్రీషియన్, వాహన భద్రతా వ్యవస్థలపై పనిచేసే ఒక ఇంజినీరు.

వ్యాఖ్యాత: నమస్కారం. కారును దొంగల నుంచి కాపాడాల్సిన పరికరాలే ఒక్కోసారి యజమానిని రోడ్డు మీద నిలబెడుతున్నాయి. ఈ రోజు చర్చ దాని గురించే. మేడమ్, ముందు మీకు ఏం జరిగిందో చెప్పండి.

యజమానురాలు: రాత్రి పదకొండు గంటలకు అమ్మను ఆసుపత్రిలో చూసి కిందికి వచ్చాను. తాళం తిప్పగానే ఇంజిన్ స్టార్ట్ అయింది, రెండు సెకన్లలో ఆగిపోయింది. మళ్లీ తిప్పాను, మళ్లీ అంతే. డాష్‌బోర్డు మీద ఒక ఎర్ర దీపం ఆగకుండా మినుకుమంటోంది. పెట్రోలు ఉంది, లైట్లు వెలుగుతున్నాయి. ఎన్నిసార్లు తిప్పానో నాకే తెలియదు. కారు అక్కడే వదిలేసి వేరే బండిలో ఇంటికి వెళ్లాను. మర్నాడు మెకానిక్ ఇంట్లో ఉన్న రెండో తాళంతో తిప్పితే ఒక్కసారికే స్టార్ట్ అయింది. పాత తాళంలో చిప్ పోయింది, కొత్తది చేయించుకోండి అన్నాడు.

ఎలక్ట్రీషియన్: ఒక్క మాట అడుగుతాను మేడమ్. ఆ రాత్రి మీ గుత్తిలో ఇంకేమైనా తాళాలు ఉన్నాయా?

యజమానురాలు: మా తమ్ముడి కారు తాళం ఉంది. వాడు ఊరికి వెళుతూ నాకు ఇచ్చాడు.

ఎలక్ట్రీషియన్: అయితే మీ చిప్ బాగానే ఉండి ఉండవచ్చు. రెండు చిప్‌లు పక్కపక్కనే ఉండి ఒకేసారి పలికితే కారుకు ఏదీ సరిగా వినపడదు. ఇలాంటి కారు నా దగ్గరికి వస్తే మొట్టమొదట గుత్తి విప్పించి, ఆ ఒక్క తాళంతోనే తిప్పమంటాను. కొత్త తాళానికి డబ్బు కట్టే ముందు ఈ పని చేయండి.

వ్యాఖ్యాత: అసలు తాళంలో చిప్ ఏం చేస్తుందండీ?

ఇంజినీరు: తాళం పిడిలో గోరంత చిప్ ఉంటుంది. దానికి సొంత బ్యాటరీ ఉండదు. తాళం దూర్చే చోట చుట్టూ రాగి తీగ చుట్ట ఉంటుంది. ఎక్కువ కార్లలో అది 125 కిలోహెర్ట్జ్ దగ్గర పనిచేస్తుంది. చిప్‌కు కావాల్సిన శక్తి ఆ తీగ చుట్టే అందిస్తుంది, అప్పుడు చిప్ తన గుర్తింపు సంకేతం పంపుతుంది. అది కారులో నమోదైన దానితో సరిపోలకపోతే కారులోని కంప్యూటర్ ఇంధనాన్ని గానీ స్పార్క్‌ను గానీ ఆపేస్తుంది. దీన్నే ఇమ్మొబిలైజర్ అంటారు. ఐరోపా సమాఖ్యలో 1998 నుంచి కొత్త కార్లకు ఇది తప్పనిసరి. తీగలు కలిపి కారు ఎత్తుకుపోయే పద్ధతికి అడ్డుకట్ట వేసింది ఇదే. కాబట్టి నేను దీన్ని తప్పుపట్టను. కానీ తాళాన్ని కారు గుర్తుపట్టలేదని ఆ ఎర్ర దీపం చెబుతుందని కారు అమ్మేటప్పుడు ఎవరూ చెప్పకపోవడం మాత్రం తప్పే.

వ్యాఖ్యాత: ఊరికే మోగే అలారాల సంగతి?

ఎలక్ట్రీషియన్: బానెట్ మూసినప్పుడు లోపలికి నొక్కుకునే చిన్న స్విచ్ ఒకటి ఉంటుంది. నీళ్లు, దుమ్ము చేరి అది తుప్పు పడుతుంది. దాంతో బానెట్ ఎవరో తెరిచారనుకుని కారు అరుస్తుంది. చలిగా ఉన్న తెల్లవారుజామున మోగితే ముందు బ్యాటరీ చూస్తాను, వోల్టేజి పడిపోయినా కొన్ని అలారాలు మోగుతాయి. కారు లోపలి కదలికను పట్టే సెన్సర్ ఉంటే, కొద్దిగా దించిన అద్దంలోంచి వచ్చే గాలి చాలు. ఇవన్నీ చిన్న మరమ్మతులే. కానీ యజమాని విసిగిపోయి అలారమే పీకేయమంటాడు. ఆ మాట విన్న ప్రతిసారీ నాకు బాధగానే ఉంటుంది.

వ్యాఖ్యాత: కారు కొన్నాక బయటి దుకాణాల్లో బిగించే అలారాలతోనే ఎక్కువ తంటా అంటారు.

ఎలక్ట్రీషియన్: పరికరం కన్నా బిగించిన చెయ్యి ముఖ్యం. దొంగ కారు నడపకుండా అలారాన్ని కలపడానికి కారు తీగ కోసి, మెలిపెట్టి, పైన టేపు చుట్టేస్తారు. రెండు వేసవులు గడిస్తే టేపు జిగురు కారిపోతుంది, తీగ వదులవుతుంది. అది స్టార్టర్ తీగ అయితే కారు స్టార్ట్ కాదు, అంతవరకే. ఇంధన పంపు తీగ అయితే నడుస్తున్న కారు ఆగిపోతుంది. ఇంజిన్ ఆగితే స్టీరింగ్ బిగుసుకుంటుంది, బ్రేకు రెండు మూడు తొక్కుళ్ల తరువాత రాయిలా మారుతుంది. అందుకే పంపు తీగను కోసి బిగించమని ఎవరు అడిగినా నేను ఒప్పుకోను.

ఇంజినీరు: కారు ఎక్కడుందో చెప్పే ట్రాకర్లు కూడా ఉన్నాయి. ఆగి ఉన్న కారు బ్యాటరీ నుంచి మామూలుగా 50 మిల్లీయాంపియర్లకు మించి కరెంటు తీసుకోకూడదు. నిద్రపోని ట్రాకర్ దాన్ని దాటితే, పది రోజులు ఊరు వెళ్లి వచ్చేసరికి బ్యాటరీ పడుకుంటుంది.

వ్యాఖ్యాత: బటన్ నొక్కితే స్టార్ట్ అయ్యే కార్లు మరింత భద్రం కాదా?

ఇంజినీరు: సౌకర్యం పెరిగింది, ఒక కొత్త దారి కూడా తెరుచుకుంది. ఇంట్లో తలుపు పక్కన తగిలించిన తాళం దగ్గరికి కారు సంకేతాన్ని ఒక పరికరంతో చేరవేస్తారు, తాళం ఇచ్చిన జవాబును మరొకరు కారు దగ్గర అందుకుంటారు. తాళం పక్కనే ఉందనుకుని కారు తలుపు తీస్తుంది. అద్దం పగలదు, అలారం మోగదు. సంకేతాన్ని అడ్డుకునే లోహపు పొర ఉన్న సంచిలో తాళం పెడితే ఈ దారి మూసుకుంటుంది. అయితే సంచి పాతబడితే పొర చిరుగుతుంది. తాళాన్ని సంచిలో ఉంచే కారు పక్కన నిలబడి అప్పుడప్పుడు తలుపు లాగి చూడండి.

యజమానురాలు: ఆ రాత్రి తరువాత బటన్ కారుకు మారాను. ఇప్పుడు తాళంలో బ్యాటరీ అయిపోతే మళ్లీ రోడ్డు మీదేనా?

ఎలక్ట్రీషియన్: కాదు మేడమ్. తాళం ఉందా? ఇటు పక్కన చిన్న మీట ఉంది చూడండి, జరిపి లాగండి.

యజమానురాలు: ఇందులో ఇనుప తాళం ఉందే! ఇన్నాళ్లూ నా సంచిలోనే ఉందా ఇది?

ఎలక్ట్రీషియన్: దాంతో తలుపు తెరుచుకుంటుంది. అలారం మోగినా కంగారు పడవద్దు. తరువాత చిప్ ఉన్న ఈ పిడినే స్టార్ట్ బటన్‌కు ఆనించి నొక్కండి. చాలా కార్లలో అంతే, కొన్నిటిలో తాళం పెట్టడానికి వేరే గూడు ఉంటుంది. బ్యాటరీ లేకపోయినా లోపలి చిప్ పలుకుతుంది.

వ్యాఖ్యాత: తాళాలన్నీ పోతే?

ఎలక్ట్రీషియన్: అక్కడే నాకు కోపం వస్తుంది. ఒక్క తాళమైనా ఉంటే రెండోది చేయడం తేలిక. ఏదీ లేకపోతే చాలా కార్లను మరో బండితో లాగించుకుని కంపెనీ సర్వీస్ సెంటర్‌కే తీసుకెళ్లాలి. కొత్త తాళాన్ని కారులో నమోదు చేసే కోడ్లు మాకు ఇవ్వరు.

ఇంజినీరు: అందరికీ ఇస్తే దొంగకూ ఇచ్చినట్టే కదండీ. డాష్‌బోర్డు కింది పోర్టుకు పరికరం తగిలించి కొత్త తాళాన్ని కారులో నమోదు చేసుకుని కార్లు ఎత్తుకుపోయిన రోజులు ఉన్నాయి.

ఎలక్ట్రీషియన్: ఆ పరికరం దొంగకు ఎలాగూ దొరికింది. లేనిదల్లా మాకే. నా పేరు, గుర్తింపు, యజమాని కాగితాలు అన్నీ రాసుకుని ఇవ్వమనండి, నాకు అభ్యంతరం లేదు.

ఇంజినీరు: నమోదు చేసుకుని ఇవ్వడం న్యాయమే. ఆ మాట నేనూ ఒప్పుకుంటాను. ఇంకో సంగతి. పాత కారు కొన్నవారు దాని జ్ఞాపకంలో ఎన్ని తాళాలు నమోదై ఉన్నాయో చూపించుకోవాలి, మీ చేతిలో లేనివన్నీ తుడిపించాలి. పాత యజమాని దగ్గర మిగిలిన తాళం ఇంకా మీ కారును తెరుస్తుంది.

యజమానురాలు: నాది పాత కారేనండీ. కాగితాలన్నీ నా పేరు మీదికి మార్పించుకున్నాను. తాళాల లెక్క మాత్రం అడగలేదు.

ఎలక్ట్రీషియన్: మీ దగ్గర ఎన్ని ఉన్నాయి?

యజమానురాలు: ఇదొక్కటే.