బూ అని ఆగిపోయిన బీబీసీ మైక్రో

అందరికీ నమస్కారం. ఏకార్న్ సంస్థ 1981లో విడుదల చేసిన బీబీసీ మైక్రో అనే చిన్న కంప్యూటర్, బడిపిల్లలకు కంప్యూటర్ నేర్పడానికి 1984లో మొదలైన క్లాస్ పథకంతో మన బడుల్లోకి వచ్చింది. అలాంటి పాత మిషన్ మీ చేతికొస్తే వెంటనే స్విచ్ వేయకండి.

పవర్ సప్లైలో కరెంటు వచ్చే వైపు పసుపు ఛాయలో, లోపలిది కనబడే తొడుగుతో ఫిల్టర్ కెపాసిటర్లుంటాయి. ఒకటి 0.1, ఇంకోటి 0.01 మైక్రోఫారడ్. ఏళ్లు గడిచేకొద్దీ తొడుగు చిట్లి, గాలిలోని చెమ్మ లోపలి కాగితంలోకి దిగుతుంది. స్విచ్ వేసిన కాసేపటికి టప్పుమని పేలి గదినిండా పొగ. మిషన్ మాత్రం ఆ తర్వాతా నడుస్తుండవచ్చు, అందుకే చాలామంది పట్టించుకోరు. 275 వోల్టుల ఎక్స్2 రకం ఫిల్మ్ కెపాసిటర్లే వేయండి. పాడైనా మంట లేవకుండా చేసినవి అవి. ప్లగ్ పీకాక కూడా పెద్ద కెపాసిటర్‌లో 300 వోల్టులకు పైగా నిలిచి ఉండవచ్చు. మీటరుతో చూశాకే చెయ్యి పెట్టండి.

బోర్డు దగ్గర ఎర్ర, నల్ల వైర్ల మధ్య 4.75 నుంచి 5.25 వోల్టులు రావాలి. ఊదా వైరులో మైనస్ 5.

ఇక చెవి పెట్టండి. బాగున్న మిషన్ "బూ-బీప్" అంటుంది. ఆ "బూ" కరెంటు తగలగానే సౌండ్ చిప్ తనంతట తాను చేసే చప్పుడు. దాని నోరు మూయించి "బీప్" అనిపించేది ఆపరేటింగ్ సిస్టమ్. కాబట్టి "బూ" ఆగకుండా మోగుతోందంటే 6502, అంటే ప్రాసెసర్ చిప్, ప్రోగ్రామ్ నడపడం లేదు. స్క్రీన్ సంగతి తర్వాత. ముందు ప్లగ్ తీసి, సాకెట్లలోని చిప్‌లను ఒక్కొక్కటే పైకి లేపి మళ్లీ గట్టిగా కూర్చోబెట్టండి. వేడికీ చల్లదనానికీ అవి మెల్లగా పైకి జరుగుతాయి. అప్పటికీ మారకపోతే 6502 రీసెట్ కాలు (పిన్), అంటే 40వది, 5 వోల్టుల దగ్గర ఉందా చూడాలి. సున్నాలోనే ఉంటే తప్పు రీసెట్ సర్క్యూట్‌ది, ప్రాసెసర్‌ది కాదు. 37వ కాలి మీద క్లాక్, అంటే ప్రాసెసర్‌ను నడిపే లయ సిగ్నల్, వస్తోందో లేదో సిగ్నల్‌ను గీతగా చూపే ఆసిలోస్కోప్‌తో తేలుతుంది.

స్క్రీన్ బొమ్మను తయారుచేసే వీడియో యూఎల్ఏ చిప్ చెయ్యి కాలేంత వేడెక్కిందని దాన్ని అనుమానించకండి, దాని స్వభావమే అంత. వేడిని బయటికి పంపే లోహపు రెక్కల హీట్‌సింక్ ఉంటే చాలు.

"బీప్" వచ్చి, స్క్రీన్ మీద "లాంగ్వేజ్?" అని పడితే బేసిక్ భాష ఉండే రోమ్ చిప్ కాళ్లు శుభ్రం చేయండి. మోడల్ బీ రకం మిషన్ మెమరీని 32కె బదులు 16కె అని చూపిస్తే ర్యామ్ వైపు వెళ్లండి. అక్షరాలు చెదిరితే, మీరు కొట్టేది కనబడకపోయినా సరే, మోడ్ 4 (MODE 4) అని టైపు చేసి రిటర్న్ నొక్కండి. మొదట వచ్చే స్క్రీన్‌లో అక్షరాలు గీసేది టెలిటెక్స్ట్ చిప్, మోడ్ 4లో దాని పని లేదు. అక్కడ అక్షరాలు శుభ్రంగా వస్తే మొదట చూడాల్సింది ఎస్ఏఏ5050 టెలిటెక్స్ట్ చిప్‌ను.