ప్రీస్కూల్ తరగతిలో తల్లిదండ్రుల సాయం: మొదటి పూట ఎలా గడపాలి

నమస్కారం. మీ బిడ్డ చదివే ప్రీస్కూల్ వారు "ఒక పూట వచ్చి తరగతిలో సాయపడగలరా?" అని అడిగినప్పుడు మీరు సంతోషంగా ఒప్పుకుని ఉంటారు. ఇంటికి వచ్చాక మాత్రం, అక్కడికి వెళ్లి నేను చేయవలసింది ఏమిటన్న సందేహం మొదలవుతుంది. ఆ పూట మన చేతులు ఎక్కడ కదలాలో, అంతకన్నా ముఖ్యంగా ఎక్కడ ఆగాలో ఈ వీడియోలో చూపిస్తాను.

వెళ్లే ముందు టీచరుతో పది నిమిషాలు మాట్లాడండి. ఏ పిల్లలకు ఏ ఆహారం పడదు, అత్యవసరంగా వాడే మందులు ఎక్కడ ఉంటాయి, నిప్పు ప్రమాదం జరిగితే ఏ తలుపు గుండా బయటికి రావాలి, పిల్లలను మరుగుదొడ్డికి ఎవరు తీసుకువెళ్లాలి అన్న విషయాలు అడిగి తెలుసుకోండి. చివరి ప్రశ్న అడగడానికి చాలామంది మొహమాటపడతారు, కానీ అది తప్పక అడగవలసిన ప్రశ్న. ఇతరుల పిల్లలతో మూసిన తలుపు వెనుక మీరు ఒక్కరే ఉండే పరిస్థితి ఎప్పుడూ రానీయవద్దని నా గట్టి అభిప్రాయం. కొన్ని బడులు పోలీసు ధ్రువీకరణ పత్రమో, టీకాల వివరాలో అడుగుతాయి. మీ బిడ్డ దగ్గరికి వచ్చే ప్రతి పెద్దవారినీ అలాగే అడుగుతారు కాబట్టి దాన్ని మీ మీద అనుమానంగా తీసుకోకండి. మరకలు పడినా బాధలేని బట్టలు వేసుకోండి, వేలాడే నగలు తీసేయండి, ఫోను బ్యాగులోనే ఉంచండి.

తరగతిలో అడుగు పెట్టగానే మీ బిడ్డే మీకు మొదటి పరీక్ష అవుతుంది. రోజూ హుషారుగా ఆడుకునే పిల్ల ఆ రోజు మీ కొంగు వదలకపోవచ్చు, లేదా మీరు మరో పిల్లవాడిని పలకరిస్తే ఏడవవచ్చు. ముందు రోజు రాత్రే "రేపు నేను మీ క్లాసుకు వచ్చి అందరికీ సాయం చేస్తాను" అని చెప్పి ఉంచండి. అయినా అతుక్కుపోతే దూరంగా నెట్టకుండా కాసేపు పక్కనే ఉండనిచ్చి, "ఈ కాగితాలు పంచడానికి నాకు సాయం చేస్తావా?" అని ఒక చిన్న పని అప్పగించండి.

ఇప్పుడు కెమెరాను కాస్త దగ్గరికి తెస్తున్నాను. ఇది చిన్నపిల్లల కోటు. నేను మోకాళ్ల మీద కూర్చుని, నా కళ్లు పిల్లవాడి కళ్లకు సమానమైన ఎత్తులో ఉండేలా చూసుకుంటున్నాను. జిప్పు కింది కొనలను జతచేసి, అక్కడి బట్టను బిగించి పట్టుకుంటున్నాను. ఇక్కడితో నా పని అయిపోయింది, పైకి లాగవలసింది పిల్లవాడే. మొత్తం నేనే వేస్తే రెండు సెకన్లలో అయిపోతుంది, కానీ ఆ రెండు సెకన్లలో వాడు నేర్చుకునేది ఏమీ ఉండదు.

ఒకసారి ఒక పాప కాగితానికి జిగురు రాసి, రాసిన వైపు పైకి ఉండగానే అట్టమీద పెట్టి అరచేత్తో అదిమింది. కాగితం అట్టను వదిలి అరచేతికి అంటుకుంది. సరిచేయడానికి నా చెయ్యి ముందుకు వెళ్లబోయింది, ఎలాగో ఆపుకున్నాను. ఆ పాప చేతిని ఎత్తి చూసుకుంది, కాగితాన్ని మెల్లగా ఒలిచింది, ఆలోచించింది, ఆ తరువాత తిరగేసి అంటించింది. నేను అర నిమిషం ఆగకపోయి ఉంటే ఆ ఆలోచన ఆమెది అయ్యేది కాదు.

మాటల్లోనూ ఇదే వర్తిస్తుంది. టీచర్లు ప్రశ్న వేశాక సగటున ఒక సెకను మాత్రమే ఆగుతున్నారనీ, ఆ విరామాన్ని మూడు సెకన్లకు పెంచితే పిల్లలు మరింత వివరంగా జవాబు చెబుతున్నారనీ 1970ల్లో మేరీ బడ్ రో అనే పరిశోధకురాలు బడి తరగతులను గమనించి తేల్చారు. అంతకన్నా చిన్న పిల్లలకు మాట కూర్చుకోవడానికి ఇంకా సమయం కావాలి. కాబట్టి "ఇదేమిటి? ఇల్లా? చెట్టా?" అని వరుసగా అడగకుండా, "దీని గురించి నాకు చెప్పు" అని మౌనంగా వేచి చూడండి.

పక్కపక్కనే కూర్చుని ఎవరి బొమ్మలతో వారు ఆడుకుంటున్న ఇద్దరు పిల్లలను కలపాలని మనసు తొందరపడుతుంది. ఇలా పక్కపక్కనే ఎవరి ఆట వారు ఆడుకోవడాన్ని సమాంతర ఆట అంటారు. 1932లో మిల్డ్రెడ్ పార్టెన్ అనే పరిశోధకురాలు వర్ణించిన, పిల్లలు ఆటలో పాల్గొనే ఆరు తీరుల్లో ఇదీ ఒకటి, ఇందులో సరిదిద్దవలసిన లోపం ఏమీ లేదు. కొట్టుకోవడం, కొరకడం వంటివి జరిగితే మాత్రం మధ్యలోకి వెళ్లి ఆపి, వెంటనే టీచరును పిలవండి. మందలించే బాధ్యత మీది కాదు.

తినే సమయానికి ముందు పిల్లలూ మీరూ సబ్బుతో కనీసం 20 సెకన్లు చేతులు కడుక్కోవాలి. నాలుగేళ్ల లోపు పిల్లలకు ద్రాక్షపండ్లు నిలువుగా ముక్కలు చేసి ఇవ్వాలి, గట్టి గింజపప్పులు అసలు ఇవ్వకూడదు. ఒకరి పెట్టెలోది మరొకరికి పంచకండి.

పూట ముగిశాక గేటు దగ్గర ఎవరైనా "మా వాడు ఎలా ఉన్నాడు?" అని అడిగితే, "టీచరు గారిని అడగండి, వారే సరిగ్గా చెబుతారు" అనండి. తరగతిలో కంటపడిన ఏడుపులూ పొరపాట్లూ ఆ కుటుంబాలకు సంబంధించినవి, వాటిని బయట చెప్పకూడదు. ఇంటికి వెళ్లే దారిలో మీ బిడ్డతో కూడా "అందరూ చక్కగా కూర్చున్నారు, నువ్వెందుకు కూర్చోలేదు?" అని మొదలుపెట్టకండి. "కాగితాలు పంచడంలో నాకు సాయం చేశావు కదా" అని చెప్పి, తరువాతి మాట తననే అననివ్వండి.